లిన్‌కి అమ్మకం మాటలు

సెప్టెంబర్ 8, సోమవారం
సాయంత్రం నేను ఇంగ్లీషు చెప్పే ఆన్‌లైన్ క్లాసు. చైనా నుంచి లిన్. వంటపాత్రల కంపెనీలో పని. విదేశాలకు సరుకు అమ్మే ఉద్యోగానికి పంతొమ్మిదిన ఇంటర్వ్యూ, ఇంగ్లీషులో. 'ఎయిట్ డిస్కౌంట్' అంటుంది. ఎనిమిది శాతం తగ్గింపు అనుకున్నాను. కాదు — వాళ్ల లెక్కలో పదికి ఎనిమిది వంతులు కట్టాలి. ట్వెంటీ పర్సెంట్ ఆఫ్ అనాలని చెప్పాను. రాసుకుంది.

9, మంగళవారం
మీ అమ్మగారు ఏం చేస్తారని అడిగింది లిన్. టీచర్ అన్నాను. అమ్మ గుమ్మంలో చేపల తట్ట కడుగుతోంది. ఇంగ్లీషు రాదు. మదర్, టీచర్ — ఆ రెండు మాటలూ వచ్చు.

10
నేను లేచేసరికే అమ్మ తట్టతో వెళ్లిపోయింది.

12, శుక్రవారం
లిన్ నాకు బాణలి అమ్మాలి, నేను కొనాలి — అదీ ఈ రోజు పాఠం. క్వాలిటీ, బార్గెయిన్, స్పెషల్ ఆఫర్... మాటలన్నీ సరిగ్గానే వాడింది. కొనబుద్ధి కాలేదు. ఎందుకని అడిగింది, సోమవారం చెప్తానన్నాను.

14, ఆదివారం
కాలేజీలో చేరాక మొదటిసారి, అమ్మతో చేపలమ్మడానికి వెళ్లాను. అమ్మ దగ్గర ఎప్పుడూ కొనే మేడమీద మామ్మగారు ఒక చేప ఎంచుకున్నారు. "అది వద్దండి, ముళ్లెక్కువ. మీ మనవడు తినలేడండి" అంది అమ్మ. ఆవిడ రొయ్యలు తీసుకున్నారు.
దారిలో అమ్మ — "ఆ చైనా అమ్మాయికి నన్ను టీచర్ని అన్నావు కదా."
"విన్నావా?"
"నాకొచ్చిన మాటలే కదే."
తట్ట నేను మోస్తానన్నాను. ఇవ్వలేదు.

15, సోమవారం
లిన్‌కి నిజం చెప్పాను; అమ్మ ముళ్ల చేప వద్దన్న సంగతి కూడా. ఎందుకు అబద్ధం చెప్పారు, అని నెమ్మదిగా అడిగింది. సిగ్గు అన్నాను. మామ్మగారితో అమ్మ ఏమందో మళ్లీ చెప్పించుకుంది.

19, శుక్రవారం
లిన్ ఇంటర్వ్యూ అయింది. బాణలి అమ్మి చూపించమన్నారట. ఇంట్లో ఎంతమందండీ అని అడిగిందట. ఇద్దరమే అన్నారట ఇంటర్వ్యూ చేసిన పెద్దమనిషి. అయితే ఇంత పెద్దది మీకెందుకు, చిన్నది చాలు అందట. ఆయన నవ్వలేదట. కబురు చేస్తామన్నారట.

22, సోమవారం
లిన్‌కి ఇంకా కబురు రాలేదు. రేపటి క్లాసులో అమ్మని చూడాలని ఉందట. అమ్మకి చెప్పాను.
చీర కొంగుకి చేతులు తుడుచుకుంది.
"నువ్వు నా పక్కన కూచుంటావా?"
కూచుంటానన్నాను.
"ఆలోచిస్తాలే" అంది.