సైన్యంలో అన్నయ్య పేరు

అన్నయ్యకి, నీ పేరు పెట్టుకుని పదిహేడేళ్ళు సైన్యంలో లారీ నడిపిన తమ్ముడు నమస్కారాలతో రాసేది.

మనిద్దరం ఎన్నడూ ఎత్తకూడదనుకున్న మాట ఇప్పుడు ఎత్తక తప్పడం లేదు. మీ మరదలికి ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోది మసకబారింది. నెలాఖరులోగా ఆపరేషన్ చేయకపోతే అదీ దక్కదని సైనికుల ఆసుపత్రి డాక్టరమ్మ తేల్చి చెప్పింది. చేయడానికి వాళ్ళు సిద్ధమే. కానీ ఆమె కార్డులో భర్త పేరు నాది, సర్వీసు రికార్డులో సైనికుడి పేరు నీది. "ఈవిడ ఆ సైనికుడికి ఏమవుతుంది?" అని అడిగారు. కాగితం ప్రకారం తమ్ముడి భార్య అవుతుంది. తమ్ముడి భార్యకు చేయరట.

ఇన్నేళ్ళలో ఆమెకు తలనొప్పి కూడా రాలేదు కనుక ఈ చిక్కు బయటపడలేదు. రికార్డులో పేరు సరిచేయమని అర్జీ పెట్టాను. తప్పనిసరిగా సైన్యంలో చేరాలని నీకు సర్కారు కాగితం వచ్చినప్పుడు నువ్వు అటకెక్కి దాక్కున్నావనీ, అది పట్టుకుని నేను వెళ్ళాననీ ఉన్నదున్నట్టు రాసేశాను. "సర్వీసంతా సరిగ్గా చేశావు, కేసేమీ ఉండదు. కానీ ఆ పేరుగల అసలు మనిషి స్వయంగా వచ్చి చెప్పాలి" అన్నారు. ఒక్కసారి రా అన్నయ్యా.

నీ తమ్ముడు

తా.క. ఆ సైనికుడి అసలు భార్యను తీసుకొస్తే వెంటనే ఆపరేషన్ చేస్తారట. వదిన కళ్ళు బాగానే ఉన్నాయి కదా?


తమ్ముడికి అన్నయ్య దీవించి, కొట్టు తలుపులు వేసుకుని రాసేది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి గానీ, ఏం క్షేమంరా.

నీ ఉత్తరం చదవగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ కంగారులో ఒక పెద్దమనిషి ప్యాంటుకి రెండు కాళ్ళూ కలిపి కుట్టేశాను. ఉన్నదున్నట్టు రాయడానికి నీకు చేతులెలా వచ్చాయి? అటక సంగతి కూడా ఎందుకు? ఆ రోజు ఊళ్ళో లేడని రాస్తే సరిపోయేదిగా.

కేసు ఉండదన్నారన్నావు. అది నీ మీద. మరి నా మీద? ఆ మాట అడిగావా? అడగవు. నిన్న కొట్టు ముందు బూట్ల చప్పుడు వినపడి, గుడ్డలు కత్తిరించే బల్ల కిందికి దూరాను. తీరా చూస్తే కరెంటు మీటరు చూసేవాడు.

మరదలి మాట మళ్ళీ మళ్ళీ చదివాను. ఇంకేదైనా దారి ఉందేమో కనుక్కో.

మీ అన్నయ్య

తా.క. వదిన కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. బల్ల కింద ఉన్న నన్ను వీధిలోంచే చూసింది.


అన్నయ్యకి తమ్ముడు నమస్కరించి, నవ్వాలో ఏడవాలో తెలియక రాసేది.

కేసు నీ మీదా లేదు. అడిగాను. ఇంకో దారి కూడా లేదు. అదీ అడిగాను. ఈ వయసులో నీకు తుపాకీ ఇస్తే దాన్ని మోయడానికి ఇంకొకణ్ణి ఇవ్వాలి. అంత స్తోమత ఏ సైన్యానికీ ఉండదు. వచ్చి, నిజం చెప్పి, సంతకం పెట్టి వెళ్ళిపో.

నీ రాక కోసం చూస్తున్న తమ్ముడు

తా.క. రెండు జతల బట్టలు తెచ్చుకో. జుట్టు కురచగా కత్తిరించుకుని రా, ఫోటో తీస్తారు. గేటు తెరవకముందే వెళ్ళి వరసలో నిలబడాలి.


తమ్ముడికి, ఎక్కడున్నాడో చెప్పలేని అన్నయ్య దీవెనలు. జవాబు వదినకి పంపు, నాకు అందుతుంది.

రెండు జతల బట్టలు, కురచ జుట్టు, ఫోటో, పొద్దున్నే వరసలో నిలబడటం. ఒరేయ్, అప్పుడు నాకొచ్చిన కాగితంలోనూ ఇవే ఉన్నాయి. నన్ను పిచ్చివాణ్ణి చేస్తున్నావా, లేక వాళ్ళు నిన్ను చేస్తున్నారా?

నువ్వే ఆలోచించు. ఆ పదిహేడేళ్ళూ తీసి నీ పేరు మీద రాస్తే, నా పేరు మీద ఇంకేం మిగులుతుంది? పిలిచినా రాని మనిషి అని మిగులుతుంది. రాని మనిషిని ఏం చేస్తారు? మళ్ళీ రమ్మంటారు. తుపాకీ ఇవ్వకపోవచ్చు. గుడారాలు కుట్టమంటారు. పదిహేడేళ్ళు కుట్టేసరికి నేనుంటానా?

బుర్ర బద్దలు కొట్టుకుని ఒక ఉపాయం కనిపెట్టాను. నా పేరు నువ్వే ఉంచేసుకో, ఎలాగూ అలవాటైంది. మరదలి కార్డులో భర్త పేరు మార్పించు. నేను ఇకమీదట నీ పేరు పెట్టుకుంటాను. ఎవరికీ నష్టం లేదు.

అన్నయ్య (ఎవరికీ చూపించకు)

తా.క. ఈ ఉపాయం వదినకి చెప్పాను. ఇన్నాళ్ళూ ఒక పేరుగలవాడితో వేగాను, ఇంకొకడితో నా వల్ల కాదంది.


అన్నయ్యకి.

కార్డు మార్చడానికి ఏడాది పడుతుందట. నెలాఖరు ముంచుకొచ్చింది. నిన్న మీ మరదలు గ్లాసు కోసం తడుముతూ మరిగే నీళ్ళ గిన్నెలో చెయ్యి పెట్టింది. కాలిన చేతిని నాకు తెలియకుండా కొంగు కింద దాచుకుంది.

ఇన్నేళ్ళలో నిన్ను నేను ఏమీ అడగలేదు. లారీ లోయలో పడి మంచాన ఉన్నప్పుడు కూడా నర్సు నీ పేరుతో పిలిస్తే పలికాను. రాకపోతే రాకు. ఇక ఉత్తరాలు కూడా రాయకు.

తమ్ముడు

తా.క. బావగారు భయస్తులు, ఆయన్ని ఏమీ అనవద్దని ఆమె అంటోంది. ఆ మాట కూడా రాయమంది, రాశాను.


తమ్ముడికి, రాయవద్దన్నా రాస్తున్న అన్నయ్య దీవెనలు.

వెళ్ళాను. నీకు చెప్పకుండా వెళ్ళాను. చెబితే, నువ్వు ఎదురుచూస్తుండగా మధ్యలో ఎక్కడో దిగిపోతానని భయమేసింది. గేటు దగ్గర కాపలా అతను సంచి చూపించమంటే చేతులు రెండూ పైకెత్తాను. కిందపడ్డ నా బట్టలు పాపం అతనే ఏరి మడతపెట్టి ఇచ్చాడు.

లోపల గుమాస్తా ముందు నిలబడి గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. అటకెక్కి దాక్కుంది నేనే, వెళ్ళింది మా తమ్ముడు, నన్నేం చేసినా చేయండి, ముందు ఆ అమ్మాయికి ఆపరేషన్ చేయండి అన్నాను. ఆయన రికార్డు తిరగేసి, పేరు ఒకటే, వచ్చిన ముసలివాళ్ళు ఇద్దరు, ఎవరి మాట నమ్మాలి అన్నాడు. చేరిన రోజున తీసుకున్న ఎత్తూ ఛాతీ కొలతలు అందులో ఉన్నాయట. నిన్ను ముందే కొలిచారట. నన్ను గోడకి ఆనించి నిలబెట్టారు. ఒళ్ళంతా ఒకటే వణుకు. టేపు నిలవక రెండుసార్లు కొలిచారు.

"వయసుకి మనిషి కుంగుతాడు గానీ, ఇంత కుంగడు. ఈ రికార్డు మీది కాదు" అన్నాడు గుమాస్తా. అప్పటికప్పుడే పేరు సరిచేసి ఆసుపత్రికి కబురు పంపాడు. నేను దండం పెట్టి బయల్దేరాను. అప్పుడు నవ్వుతూ అన్నాడు, "అయినా అటకెందుకు ఎక్కారండీ? ఈ ఎత్తుకి మిమ్మల్ని తీసుకునేవాళ్ళే కాదు. గేటు దగ్గరే కొలిచి, సాయంత్రం బండికి ఇంటికి పంపేసేవాళ్ళు."

అక్కడే కూలబడ్డాను. ఊరందరి కొలతలూ తీసిన దర్జీని, నా ఎత్తు నేనెప్పుడూ చూసుకోలేదు. ఆ రోజు నేను వెళ్ళి ఉంటే సాయంత్రానికి ఇంట్లో ఉండేవాణ్ణి. నువ్వూ ఉండేవాడివి. లారీ లేదు, లోయ లేదు. అమ్మ పోయేటప్పుడు నిన్ను అడిగింది, గుర్తుందా, నీకు సెలవు దొరకలేదు. అప్పుడు కూడా ఇంట్లోనే ఉండేవాడివి.

నీ వీధి మొదటిదాకా వచ్చి వెనక్కి తిరిగాను. ఈ సంగతి నీ మొహం చూస్తూ చెప్పలేను. దాచేద్దామనీ అనుకున్నాను, కానీ ఒకసారి దాక్కున్నందుకే ఇంత జరిగింది. సైన్యమంటే ఇప్పుడు నాకు భయం లేదురా. నువ్వంటే ఉంది.

మీ అన్నయ్య

తా.క. మరదలి కంటికట్టు విప్పే రోజు రానిస్తావా? వస్తే తలుపు పక్కన నిలబడతాను, లోపలికి రాను. ఆమె ముందుగా నీ మొహమే చూడాలి.