తల ఊపేదాకా

జూన్ పదో తేదీ,
శుక్రవారం, మధ్యాహ్నం

చిరంజీవి అయిన మా మేనకోడలికి,

మీ మామయ్య బోలెడన్ని ఆశీస్సులతో రాసేది. ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసాగా ఉన్నాం, అంటే రోజుకి రెండుసార్లు పోట్లాడుకునేంత ఓపికగా ఉన్నాం. నువ్వూ క్షేమమని తలుస్తాను.

అసలీ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. పొద్దున కలం మూత తీసి, మళ్ళీ పెట్టేసి, పేపరు మొహాన కప్పుకుని ఒక కునుకు తీశాను. లేచేసరికి కాగితం అక్కడే ఉంది. ఫోనులో చెబుదామంటే, అసలు సంగతి దగ్గరికి రాగానే ఆఫీసులో పనుందని పెట్టేస్తావు. కాగితం దగ్గర ఆ వేషాలు కుదరవు. చించెయ్యచ్చనుకో, అది వేరే సంగతి.

ముందు కబురు. మీ పాత హెడ్మాస్టరు రిటైరయ్యాడు. కొత్తగా ఒక హెడ్మిస్ట్రెస్ వచ్చింది. మొన్న మనింటికే వచ్చి, ఆ చెయ్యి విరిగిన కుర్చీలో కూర్చోవద్దని మేం చెప్పేలోపే అందులో కూర్చుంది. శుక్రవారం ఆఖరి పీరియడు మళ్ళీ పెట్టాలని ఉందనీ, అయితే అది నువ్వు టీచరుగా తిరిగి వస్తేనేననీ, బడి తెరిచేలోగా ఏదో ఒకటి తేల్చమనీ అడిగింది. నువ్వు వస్తావని మీ అమ్మ అక్కడికక్కడే మాటిచ్చెయ్యబోయింది. నేను దగ్గాను. నా దగ్గుకి అర్థం మీ అమ్మకి తెలుసు. రాసి కనుక్కుంటామని చెప్పి పంపించాం.

ఆ పీరియడంటే నాకెందుకంత పట్టింపని నువ్వెప్పుడూ అడగలేదు. అడక్కపోయినా చెబుతాను. నేను బళ్ళో చదివింది ఐదు దాకా. మిగతా చదువంతా అచ్చాఫీసులో, సీసం అక్షరాలు పేరుస్తూ నేర్చుకున్నదే. అవి అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారి ఉంటాయి కదా, వాటికే కళ్ళు అలవాటు పడి, మామూలు పుస్తకం చేతికిస్తే మొదట్లో తల తిరిగేది. అలా ఎన్నో పుస్తకాలు చదివాను గాని, ఒక్కటీ మొదట్నించి చివరిదాకా కాదు. నాకిచ్చిన పేజీలే నా పుస్తకం. దొంగ ఎవడో తేలే పేజీ ఎప్పుడూ పక్క బల్లవాడికే వెళ్ళేది. వాణ్ణడిగితే, నాకేం తెలుసు, నేను అక్షరాలు చూశాను గాని కథ చూశానా అనేవాడు.

అందుకే, నువ్వు తొమ్మిదో తరగతి పిల్లలకి వారానికో గంట, ప్రశ్నలూ జవాబులూ లేకుండా, ఒక పుస్తకాన్ని మొదట్నించి చివరిదాకా చదివి వినిపిస్తున్నావని తెలిసి, నేనూ వచ్చి వెనక బెంచీలో కూర్చుంటానన్నాను. పిల్లలు నాకు బ్యాక్ బెంచి తాత అని పేరు పెట్టారు. నువ్వు చదువుతూ చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి, అదే వాక్యం నెమ్మదిగా మళ్ళీ చదివేదానివి. ఎందుకో చెప్పేదానివి కాదు. రెండోసారి చదివేసరికి వెనక వరస అల్లరి పిల్లలు కూడా మోచేతులు బల్ల మీద పెట్టి ముందుకి వంగేవారు. నేనూ వంగేవాణ్ణి.

మిగతా రోజుల్లో నీ క్లాసు తీరు వేరు. వాదించడం నేర్పేదానివి. నీ నియమం నాకు కంఠతా వచ్చు. ఎదుటివాడి మాట కాదనాలంటే ముందు ఆ మాటని వాడి తరఫున నువ్వే చెప్పాలి. అవును, నేననేది ఇదే అని వాడు తల ఊపేదాకా చెప్పాలి. ఆ తర్వాతే నీ వంతు. కొందరు మొండి పిల్లలు అవతలివాణ్ణి నిలబెట్టి ఉంచడానికే మెడ బిగించుకుని కూర్చునేవారు. మెడ సంగతి తర్వాత, ముందు చెవి వదులు చెయ్యరా అనేదానివి.

ఆ నియమాన్ని ఇంటికీ తెచ్చిపెట్టావు. రేడియో విషయంలో మీ అమ్మా నేనూ పోట్లాడుకుంటుంటే, అక్క తరఫున నన్నే మాట్లాడమన్నావు. నాకేం భయమని లేచాను. పొద్దుటినుంచీ ఇంటి చాకిరీతో చెవులు హోరెత్తిపోతాయనీ, మధ్యాహ్నం ఆ కాసేపే ఇల్లు తనదనిపిస్తుందనీ, ఆ కాస్తా నా రేడియో మింగేస్తోందనీ చెప్పుకుంటూ పోయాను. మీ అమ్మ తల ఊపింది. ఇక నీ మాట చెప్పు మామయ్యా అన్నావు. తీరా చూసుకుంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఆ రేడియో ఇవాళ్టికీ అటక మీదే ఉంది.

ఇక ఆ తల్లిదండ్రుల మీటింగు. రెండేళ్ళుగా ఆ మాట ఎత్తితే నువ్వు ఊరుకోవు, కాబట్టి ఇక్కడ ఎత్తుతున్నాను. మన వీధి చివర మందుల షాపాయన లేచాడు. షాపులో ఎంత చలాకీ మనిషైనా, నలుగురిలో నిలబడితే ఆయనకి నోరు పెగలదు. శుక్రవారం పీరియడనీ, పరీక్షలనీ, మా అమ్మాయనీ ముక్కలు ముక్కలుగా నమిలి చెమట తుడుచుకున్నాడు. వెనకెవరో నవ్వారు. అప్పుడు నువ్వు లేచి, ముందు ఆయన మాట నేను చెబుతానని అందుకున్నావు. ఆ పిల్ల నీ దగ్గర పుస్తకాల రుచి మరిగిందనీ, పరీక్షలో మాత్రం నాలుగు వాక్యాలు రాయమన్నచోట పేజీలకు పేజీలు రాసి, మిగతా ప్రశ్నలు వదిలేసి ఫెయిలవుతోందనీ, పొద్దస్తమానం కౌంటరు వెనక నిలబడే తండ్రి, కూతురు అలా నిలబడి బతకకూడదనే చదివిస్తున్నాడనీ చెప్పావు. చివర్న, అచ్చం ఆయన గొంతులో ఉన్న బెరుకుతోనే అన్నావు:

“చదవడం మంచిదే అంటున్నారు. ఎప్పటికి మంచిది టీచరుగారూ? అప్పటిదాకా మా పిల్ల ఏమైపోవాలి?”

ఆయన తల ఊపాడు. పక్కావిడ ఊపింది. హాలంతా ఊపింది. టీచరే ఒప్పుకున్నాక ఇంకేముందని హెడ్మాస్టరు పీరియడు వద్దనేవాళ్ళ చేత చేతులెత్తించేశాడు. పీరియడు పోయింది. నీ మాట నిన్ను చెప్పనివ్వనేలేదు. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా అని నేను కనబడ్డవాళ్ళందరి దగ్గరా ఇప్పటికీ అంటూనే ఉన్నాను.

నెల తిరక్కుండా నువ్వు రాజీనామా ఇచ్చి, ఊరు మారి, బీమా కంపెనీలో చేరావు. ఫిర్యాదులు పంపినవాళ్ళకి, మీ బాధ మేం అర్థం చేసుకోగలం అని జవాబులు రాసే పనట. ఎదుటివాళ్ళ బాధ వాళ్ళకంటే బాగా రాస్తావని మెచ్చుకున్నారట కూడా. మీ అమ్మ మురిసిపోయింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

ఈ రెండేళ్ళూ ఆ పీరియడులో పాత ప్రశ్నపత్రాలే రాయించారు. కిటికీ పక్కనుంచి వెళ్తే కాగితాలు తిప్పే చప్పుడే. నువ్వు సగంలో ఆపేసిన పుస్తకం లైబ్రరీలో ఉంది. తెచ్చుకుని మిగతాది చదువుకోవచ్చు, కళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి. ఎందుకో చదవబుద్ధి కాలేదు.

అందుకని అడుగుతున్నాను, రా. నడుం మునుపటిలా వంగదు గాని, నువ్వు చదివినంతసేపూ ఆ బెంచీ మీద కూర్చోగలను. రాలేనంటే రాలేనని ఒక్క ముక్క రాయి. మీ బాధ అర్థం చేసుకోగలం అని మాత్రం రాయకు.

ఇట్లు,
నీకు చిన్నప్పుడు అక్షరాలు తిరగేసి నేర్పబోయి, మీ అమ్మ చేత చివాట్లు తిన్న
మీ మామయ్య

తా.క. పైన ఒక అబద్ధం రాశాను. హెడ్మాస్టరు నిన్ను చెప్పనివ్వలేదన్నది నిజం కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. చేతులెత్తమనే ముందు ఆయన నీ వైపు తిరిగి, ఇక నీ మాట చెప్పమ్మా అన్నాడు. హాలంతా ఎదురుచూసింది. నువ్వు మందుల షాపాయన్ని చూశావు, నేలకేసి చూశావు, కూర్చుండిపోయావు. నిన్నెవరూ ఆపలేదు. రేడియో నాడు నాకైనట్టే నీకూ అయింది. ఆయన మాట చెప్పి చెప్పి, నీ మాట నీకే దొరక్కుండా పోయింది. ఓడిపోయినందుకు కాదు, జవాబు లేకపోయినందుకే బడి వదిలేశావు. ఇది నీ తరఫున నేను చెబుతున్న మాట. తల ఊపుతావో లేదో ఇక్కణ్ణించి కనబడదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, చీకటి పడ్డాక కవరు జేబులో పెట్టుకుని పోస్టు డబ్బాలో వేద్దామని బయల్దేరి, దారిలో బీపీ మాత్రల కోసం ఆయన షాపులోనే ఆగాను. నీకు ఉత్తరం రాశానని చెప్పాను. ఆయన చేతిలో పని ఆపేశాడు. ఆవేళ చెయ్యెందుకెత్తావయ్యా అని ఇన్నాళ్ళకి అడిగాను. ఆయన ఇలా అన్నాడు:

“నా మాట నాకంటే బాగా చెప్పారండీ ఆవిడ. అంత బాగా చెప్పారంటే దానికి జవాబూ ఆవిడ దగ్గరే ఉంటుందనుకున్నాను. అది విని, ఇంటికెళ్ళి మా అమ్మాయికి చెబుదామని కూర్చున్నాను. ఆవిడేమో కూర్చుండిపోయారు. ఇంకేం చెయ్యనండీ, ఎత్తాను.”

ఆ జవాబేమిటో మీకేమైనా చెప్పారా అని నన్నే అడిగాడు. ఉత్తరంలో అడిగానన్నాను. అప్పటికి అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. ఈ నాలుగు ముక్కలూ ఆయన కౌంటరు మీదే, ఆయన కలంతోనే రాస్తున్నాను. చించిన కవరు మళ్ళీ అతికించడానికి జిగురు సీసా కూడా ఆయనే తెచ్చిపెట్టాడు. మాత్రలు పొట్లం కట్టి పక్కన పెట్టాడు. షాపు మూసే వేళైంది. షట్టరు సగం దించి, నా కోసం ఆగాడు.