పాత ప్లేయర్ ఇవ్వను

అక్కా, ఇక్కడ అందరం బాగున్నాం, కంగారుపడకు.

బ్లూరే ప్లేయర్ మార్చడం లేదు. నిన్న కొట్లో, బావగారు చెప్పిన కొత్తదాంట్లో నీ పెళ్లి డిస్కు పెట్టించాను. మూడుసార్లు పెట్టినా చదవనంది. "గీతలు పడ్డ డిస్కు పారేసి, పాతదిచ్చి ఇది పట్టుకెళ్లండమ్మా," అన్నాడు కొట్టతను. ఆపరేషన్‌తో మూగబోయిన అమ్మ గొంతు మిగిలింది ఆ ఒక్క డిస్కులోనే అని అతనికేం తెలుసు! మన ముసలి ప్లేయర్ నెత్తిన ఒక్కటిస్తే చాలు, గడగడా చదివేస్తుంది. ఎవరెన్ని చెప్పినా ఇవ్వను. బావగారికి నువ్వే సర్దిచెప్పు.

దాని రిమోట్ మూత నీ సామాన్లలో వచ్చిందేమో చూడు. చిన్నదానికి దగ్గు తగ్గిందా?

అమ్మ నీకు దీవెనలు పలక మీద రాసి చూపించింది. పెళ్లినాడు ఆలస్యంగా లేచావని తిట్టిన తిట్లు మాత్రం డిస్కులో ఉన్నాయి, వచ్చి విను.

నీ చెల్లి