మట్టి ఎడ్లు

తుకారాం అన్నకు, కందకుర్తి నుంచి తమ్ముడు రాస్తున్నాడు.

దసరాకు వస్తాను, మా రుక్మకు ఏం తెమ్మంటావని అడిగావు. ఏమీ వద్దు.

మనం వేరుపడ్డప్పుడు, బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు తోలుకోవాలని రెండెడ్లనూ నువ్వే పట్టుకుపోయావు. నిన్న పొలాల అమావాస్య, ఎడ్లకు మొక్కే పండుగ. పూజకు దొడ్డిలో ఎడ్లు లేవు. బంకమట్టి తెచ్చి, ఐదేండ్ల రుక్మను పక్కన కూర్చోబెట్టుకుని ఎడ్లు చేయడం నేర్పాను. కొమ్ములు విరగకుండా లోపల చీపురుపుల్ల పెట్టాలని చిన్నప్పుడు నువ్వు నాకు చెప్పిందే దానికీ చెప్పాను. ముద్దుగా చేసింది. పసుపు, కుంకుమ పెట్టి మొక్కాం.

ఈ పొద్దున లేచి చూస్తే ఎడ్లు లేవు. వడ్ల గుమ్మి వెనుక, గోనెసంచి కింద దాచింది.

"ఎందుకు బిడ్డా?" అంటే, "పెద్దబాపు అస్తే గివిటిని గూడ తోల్కపోతడు" అన్నది.

ఎడ్లు చేయడం నేను నేర్పాను అన్నా. దాచడం నేను నేర్పలేదు.