తిమింగలం రెండో చెవి

పద్మారావు నగర్, సికింద్రాబాద్,
మంగళవారం సాయంత్రం

నరసాపురంలో ఉన్న అక్కకు, చెల్లెలు సుగుణ వందనాలు. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాయే కదా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేను ఒంట్లో బాగానే ఉన్నాను, కంగారుపడకు. భయంతోనే నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. ఎస్టీడీ బూత్‌లో అందరి ముందూ చెప్పుకోలేక రాస్తున్నాను.

నా పని నీకు తెలుసుగా. ఒకప్పుడు నాలుగు కాళ్లతో నేల మీద నడిచిన జంతువు నీళ్లలోకి దిగి తిమింగలం ఎలా అయిందో మా సారు వెతుకుతున్నారు. కచ్ నుంచి తెచ్చిన రాయిలో దాని చెవి ఎముక ఉంది. అది నేల మీద వినే చెవో, నీళ్లలో వినే చెవో ఆ ఎముక చూస్తేనే తెలుస్తుంది. రాయిని పలచటి యాసిడ్‌లో నానబెడితే సున్నం కరిగి ఎముక బయటపడుతుంది. వేళకు తీసి కడగకపోతే ఎముకా పోతుంది.

గుడ్ ఫ్రైడే పొద్దున ల్యాబ్‌లో ఆ రాయిని యాసిడ్ తొట్టిలో నానబెట్టి, మూడింటికల్లా వచ్చి తీద్దామని చర్చికి వెళ్లాను. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగీకులు! ఒక్కరైనా గడియారం చూస్తేనా? పాటల వాళ్లలో ముందు వరస నాది. మధ్యలో లేచి వస్తే ఏమనుకుంటారోనని కూర్చుండిపోయాను. నా మొహమాటం తగలెయ్య! పరుగున వచ్చేసరికి నాలుగున్నర. సెలవు కదా, అటెండర్ యాదగిరి తాళం వేసుకుని వెళ్లిపోయాడు. ఇల్లు మెట్టుగూడ అని తెలుసు గానీ ఏ గల్లీయో తెలియదు. కనపడిన వాళ్లనల్లా అడుగుతూ తిరిగాను, దొరకలేదు.

శనివారం తలుపు తీస్తే తొట్టి అడుగున తెల్లటి ముద్ద. వేలు పెడితే విడిపోయింది. ఒక్క ముక్కైనా మిగిలిందేమోనని తొట్టంతా వెతికాను.

"ఏందమ్మా, గింత పరేషాన్ అయితున్నవ్? రాయిలనే పగిలిపోయి ఉండె అని చెప్పు. సారుకేం తెలుస్తది?" అన్నాడు యాదగిరి, జాలితోనే.

అలాగే చెబుదామనుకున్నానక్కా, నీ దగ్గర దాచను. ఉద్యోగం పోతే నాన్న ముఖం ఎలా చూడను? కానీ అలా చెప్తే సారు నమ్మి, అది మొదటి నుంచీ పగిలిన ఎముకేనని రాసేస్తారు. ఈస్టర్ ఆరాధనలో పాటల వాళ్లను వదిలి వెనక వరసలో కూర్చున్నాను.

సోమవారం సారు రాగానే చెప్పేశాను. ఆయన తొట్టిలోకి వంగి ఆ ముద్దను చూశారు. తిట్టినా బాగుండేది. తర్వాత బీరువా తీసి ఇంకో రాయి నా ముందు పెట్టారు.

"గా జంతువుదే, రెండో చెవి. ఇగ ఇంకోటి లేదు. నువ్వే తియ్యాలె."

"నా వల్ల కాదు సార్, ఇంకెవరికైనా ఇవ్వండి," అని ఏడ్చేశాను.

"భయం లేనోళ్ల చేతికి నేనియ్య," అని వెళ్లిపోయారు.

బావగారికీ, అమ్మకూ నా వందనాలు. పిల్లలకు ముద్దులు. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు రొయ్యలు పంపు. నాన్నకు మాత్రం ఈ ఉత్తరం చదివి వినిపించకు.

రేపు పొద్దున ఏడింటికి ఆ రాయి యాసిడ్‌లో పెడుతున్నాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఎముక మిగిలిందో, పోయిందో తేలిపోయి ఉంటుంది. ప్రార్థన చెయ్యమని అడగడానికి కూడా ఆలస్యమే. అయినా చెయ్యక్కా.

నీ దీవెన కోరే చెల్లెలు,
సుగుణ