బావగారి తుపాకీలో గాలి

జూన్ 2, 2025
రైల్వేలో టీసీగా రిటైరయ్యాను గానీ ఇంట్లో చెకింగ్ మానలేదట. పాలప్యాకెట్ మీద డేటు చూశానని మా ఆవిడ అమలమ్మ ఈ మాట అంది. గుణదలలోనే కొత్తగా పెట్టిన రైఫిల్ క్లబ్బులో చేర్పించింది. చేతికి తుపాకీ ఇచ్చినా పర్వాలేదు, ఇంట్లో మాత్రం ఉండొద్దంది. కోచ్ పేరు రుచిత. మా అమ్మాయి శాలిని కన్నా చిన్నది. "ట్రిగ్గర్ మీంచి వేలు తియ్యండి అంకుల్" అని పొద్దుటినుంచీ ఒకటే పాట.

జూన్ 5
గాలి తుపాకీలో మందుగుండు ఉండదు. నాకిచ్చింది స్ప్రింగుది. గొట్టాన్ని కిందకి విరిస్తే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే అది పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, గాలి సీసపు పెల్లెట్‌ను తరుముతుంది. లోపల ఇంత హడావుడి జరుగుతుంటే తుపాకీ ఊరుకుంటుందా? వెనక్కీ ముందుకీ తంతుంది. గట్టిగా అదిమి పట్టాను. టార్గెట్‌కి తప్ప అన్నిటికీ తగిలింది.
"వదులుగా పట్టుకోండి అంకుల్. దాన్ని ఊగనివ్వండి. ఆపబోతే గురి చెడుద్ది" అంది రుచిత.
టికెట్ లేనివాళ్ళ కాలర్లు పట్టుకుని బతికిన చెయ్యి ఇది. వదులు ఎక్కణ్ణుంచి వస్తుంది?

జూన్ 6
భుజానికి బామ్. అమల నవ్వు.

జూన్ 14
ఇవాళ రుచిత కార్బన్ డయాక్సైడ్ గ్యాసుది ఇచ్చింది. పొద్దున తుపాకీ బుద్ధిగానే కొట్టింది. ఎండెక్కేసరికి పెల్లెట్లు పైపైకి పోయాయి. వేడికి లోపల గ్యాసు ప్రెషర్ పెరుగుతుందట. పోనీ గబగబా కాలిస్తే గ్యాసు చల్లబడి కిందకి పోతాయట. మా డివిజన్‌లో ఒక ఆఫీసరు అచ్చం ఇలాగే ఉండేవాడు. ఏసీ గదిలో ఎంత మర్యాదస్తుడో!

జూన్ 15
లివరుది. షాటుకి ముందు ప్రతిసారీ లివరు లాగి మనమే గాలి కుక్కాలి. ఆయాసం నాది, పేరు దానిది. స్ప్రింగే నయం.

జూన్ 22
శాలిని మామగారు, అంటే మా వియ్యంకుడు ఏసుపాదం గారు చల్లపల్లి నుంచి వచ్చారు. రొయ్యల చెరువుల ఆసామి. పెళ్ళిలో ఫాదర్ గారి ముందే మా బిర్యానీకి వంక పెట్టిన మనిషి. అప్పటినుంచీ మా మధ్య మర్యాద తప్ప ఇంకేమీ లేదు.
"గాలి తుపాకీయా బావగారూ? తిరనాళ్ళలో బుడగలు కొట్టేదేగా అండీ!" అన్నారు.
చూపిద్దామని రేంజికి తీసుకెళ్ళాను. బుద్ధి తక్కువ. మొదటిరోజే నాకన్నా బాగా కొట్టారు.

జూలై 5
ఆయన క్లబ్బులో చేరిపోయారు. పీసీపీ రకం తుపాకీ కొన్నారు. గొట్టం కింద సిలిండర్, అందులో విపరీతమైన ప్రెషర్‌తో ముందే నింపిన గాలి. నొక్కినప్పుడల్లా వాల్వు తెరుచుకుని రవ్వంత వదులుతుంది. స్ప్రింగు లేదు, తన్నడం లేదు.
"నిద్దరోయే పిల్లాడి భుజం తట్టినట్టుంటదండీ" అన్నారు.
కొట్టేది తుపాకీ, ఆయన కాదు అని అమలతో అన్నాను. మరి మీ గురి తప్పితే తప్పు మీదా, తుపాకీదా అని అడిగింది.

జూలై 20
వచ్చే ఆదివారం వెటరన్స్ మ్యాచ్. అల్లుడూ శాలినీ కూడా వస్తారట. ఓడితే ఓడతాను. ఆయన చేతిలో మాత్రం కాదు.

జూలై 27, సాయంత్రం
పక్కపక్క లేన్లు. మొదట్లో ఆయన షాట్లు చూస్తుంటే ఒళ్ళు మండింది. తర్వాత ఒక్కొక్కటే కిందకి దిగడం మొదలైంది. ఆయన గురి చూసే సైటు తిప్పారు. కళ్ళద్దాలు తుడిచారు. చొక్కాకి చెయ్యి తుడుచుకున్నారు. ఆయన సిలిండర్ మీటరు నాకు కనిపిస్తూనే ఉంది. ముల్లు అడుగుకి వచ్చేసింది. నిన్న చుట్టాలకి ప్రదర్శన ఇచ్చి గాలంతా ఊదేశారు. నేను చెప్పలేదు. ప్రభువు క్షమించాలి, రెండు షాట్లు మహా సంతోషంగా కొట్టాను.
అప్పుడాయన నా వైపు తిరిగి మెల్లగా, "బావగారూ, నా చెయ్యి పోతందండీ. మా నాన్నకీ ఇట్టాగే మొదలైంది, వణుకు. చివర్లో అన్నం కూడా మేమే పెట్టాం" అన్నారు.
"చెయ్యి కాదండీ, గాలి!" అని అరిచాను. రేంజిలో అరవకూడదు. రుచిత పరుగెత్తుకొచ్చింది.
గాలి నింపే క్లబ్బు కంప్రెసర్ పొద్దున్నే మొరాయించింది. ఇక చేతిపంపే గతి. చూడ్డానికి సైకిల్ పంపే, మనిషి బరువంతా వేస్తేగానీ దిగదు. టైము ఆపేది లేదు, కావాలంటే పంపు కొట్టుకోండి అంది రుచిత. వంతులేసుకుని కొట్టాం. ఆయన మధ్యలోనే కూలబడ్డారు. నా షాట్లు ఇంకా నాలుగున్నాయి. వెనకనుంచి శాలిని "డాడీ, మీ టైమ్!" అని మొత్తుకుంటోంది. ముల్లు లేచేదాకా నేను ఆపలేదు.
తిరిగొచ్చి నా తుపాకీ ఎత్తితే చేతులు నావి కావు. మూడు గోడకి పోయాయి. నాలుగోది ఎటు పోయిందో తెలియలేదు.
ఆయన టార్గెట్ మీద దొరికింది. ఒక రంధ్రం ఎక్కువ ఉంది. వాటిలో ఒకటి సరిగ్గా నట్టనడుమ, పది పాయింట్ల చోట. ఏది ఎవరిదో తేలనప్పుడు మంచి షాటు ఆ లేను వాళ్ళకే ఇవ్వాలని రుచిత రూలు చదివింది. నాకు మిస్సు. ఒక్క పాయింటుతో ఆయనకి మూడో స్థానం, షీల్డు. నేను ఆఖరు.
ఆయన షీల్డు ముట్టుకోరు. "ఆ పది మా బావగారిదండీ!" అని అందరి ముందూ గొడవ. తీసుకోమని నా గొడవ. అమల ఇద్దర్నీ కలిపి బయటికి తోలింది.

జూలై 28
చేతులు లేవడం లేదు. చొక్కా గుండీలు అమలే పెట్టింది.

ఆగస్టు 2
ఏసుపాదం ఫోన్ చేశాడు. "ఒరేయ్" అన్నాడు.
ఏమిట్రా అన్నాను.