ఎదురింటి గోడకు నీళ్లు

ఆగస్టు 1996, మంగళవారం. చిక్కడపల్లి.

సాయంత్రం ఆరింటికి మేస్త్రీ నర్సింలు కూతురు లక్ష్మికి స్పృహ తప్పింది. నారాయణగూడలోని ఆసుపత్రిలో చేర్చాం.

చెవిలోని చీము మెదడు పొరలకు పాకిందన్నాడు డాక్టర్. మొదట చెవికి పది రోజులకు మాత్రలు రాస్తే, జ్వరం తగ్గిందని నర్సింలు నాలుగో రోజే ఆపేశాడు. మిగిలినవి చిన్న కూతురికి పనికొస్తాయని దాచాడు.

డాక్టర్ అతనికి అర్థమయ్యేలా చెప్పాడు. చీము పట్టించిన క్రిమి తన చుట్టూ గోడ కట్టుకుంటుంది. ఆ గోడలో మురామిక్ ఆమ్లమనే ఒక రకం చక్కెర ఉంటుంది. మన ఒంట్లో అది ఉండదు, అలాంటి గోడా ఉండదు. అందుకే మందు క్రిమిని గోడ కట్టుకోనివ్వదు, మనల్ని ఏమీ చేయదు.

"అంటే నేను ఆపినంక మల్ల కట్టుకున్నదా సారూ?"

"కట్టుకుంది."



మా ఎదురింటి పై అంతస్తు కడుతున్నది నర్సింలే. గోడ ఆరినట్టు కనిపించినా వారం దాకా నీళ్లు ఆపొద్దని కూలీలను తిట్టడం రోజూ వింటాను. "పైకి జూసి మోసపోకుర్రి, లోపల పచ్చిగనే ఉంటది" అంటాడు.

నేను ఆసుపత్రి నుంచి వచ్చేస్తుంటే గేటు దాకా వచ్చాడు. "అన్నా, జర ఆ గోడకు నీళ్లు కొట్టు."

కొట్టి వచ్చాను. కిటికీ అవతల నీళ్లు ఇంకా బొట్లు బొట్లుగా కారుతున్నాయి. డాక్టర్ చెప్పింది నిజం. అడిగినవాడికి నిజం చెప్పకూడదని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ "కట్టుకుంది" అన్న ఆ ఒక్క మాట...

లక్ష్మి వెన్నులోంచి తీసిన నీటి పరీక్ష ఫలితం రేపు పొద్దున తొమ్మిదింటికి. ఆసుపత్రికి బయలుదేరేముందు గోడకు మళ్లీ నీళ్లు కొట్టాలి.